హై వేరు, టాల్ వేరు: ద్వారకానగర్‌లో నా ఇంగ్లీష్ క్లాసు

విశాఖ ద్వారకానగర్‌లో, ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న ఒక స్పోకెన్ ఇంగ్లీష్ సెంటర్‌లో రెండు నెలలు చదివాను. ఫీజు 3,500, పుస్తకానికి ఇంకో 300. పేరు రాయను, ఎందుకో కింద మీకే తెలుస్తుంది.

నాది రుషికొండ వైపు ఒక హోటల్లో రిసెప్షన్ డ్యూటీ. ఒక రాత్రి విదేశీ గెస్టు ఎయిర్‌పోర్టుకి కారు అడిగి, డ్రైవర్‌ని ఎలా గుర్తుపట్టాలన్నాడు. మా డ్రైవర్ అన్న ఆరడుగుల పైనే ఉంటాడు. "హీ ఈజ్ వెరీ హై" అనేశాను. మనిషిని హై అంటే మత్తులో ఉన్నాడని అర్థమట! ఆయన ఇంకో కారు పిలిపించుకున్నాడు.

క్లాసులో ఈ సంగతి చెబితే సార్ ఆ రోజు పాఠం పక్కన పెట్టేశారు. గది కిటికీ చూపించి, నిలువునా పొడుగ్గా ఉంది కాబట్టి ఇది టాల్ అన్నారు. దాని పైన, సీలింగ్ దగ్గర జానెడు వెంటిలేటర్ ఉంది. అది హై. ఎంత చిన్నదైనా సరే, నేల నుంచి ఎంత పైన ఉందన్నదే లెక్క. కొబ్బరిచెట్టు టాల్, దాని కాయ హై. కైలాసగిరి మీద శివపార్వతుల విగ్రహాలు టాల్, అవి ఉన్న కొండ హై. మనం కూడా మనిషిని పొడుగంటాం గానీ కొండని అనం కదా, అక్కడ పట్టుకోండి అన్నారు. కాకపోతే జడ కూడా మనకి పొడుగే, ఇంగ్లీషులో అది లాంగ్. బీపీ, జ్వరం, రేట్లు అయితే ఆలోచించక్కర్లేదు, అన్నీ హై.

"మా బావ ఆరడుగులు సార్, పైగా తాగుతాడు. మరేటనాలి?" అని వెనక బెంచీ కుర్రాడు. "సాయంత్రం దాకా టాల్, తర్వాత రెండూ" అన్నారు సార్. పది నిమిషాలు క్లాసు జరగలేదు.

ఇక పుస్తకం. హై అంటే ఎత్తైన, టాల్ అంటే ఎత్తైన. అంతే, ఒక్క వాక్యం ఉదాహరణ లేదు. సారే మా చేత రెండో దాన్ని కొట్టేయించి "పొడవైన" అని రాయించారు. బ్యాచ్‌లో నలభై మందిమి, ఏసీ ఉంది గానీ పనిచేయగా నేను చూడలేదు. మాట్లాడే వంతు వారానికి రెండుసార్లు వస్తే గొప్ప.

చేరాలనుకుంటే సాయంత్రం ఏడింటి బ్యాచ్ అడగండి, ఈ సార్ దానికే వస్తారు. పుస్తకం వద్దంటే బలవంతం చేయరు.