వాల్‌హైమ్‌లో నీడలు మేలా, గడ్డి మేలా?

వేసవి సెలవుల్లో బోడుప్పల్‌లోని మా ఇంటి పై గదిలో రెండు తెరలు పక్కపక్కనే వెలుగుతుంటాయి. ఒకటి నా ల్యాప్‌టాప్, మరొకటి మా తమ్ముడి డెస్క్‌టాప్. రెండింటిలోనూ ఉన్నది 2019లో వచ్చిన, 4 జీబీ మెమరీ గల జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డే. అడవిలో బతుకుతూ ఇల్లూ వాకిలీ కట్టుకునే వాల్‌హైమ్ అనే కంప్యూటర్ ఆటలో ఇద్దరం ఒకే లోకంలో, ఒకే ఊరు కట్టుకుని ఆడుతున్నా, తెరల మీద ఆ ఊరు రెండు రకాలుగా కనిపిస్తుంది. తమ్ముడు గడ్డి ఎంత దట్టంగా కనిపించాలో చెప్పే వెజిటేషన్ సెట్టింగ్‌ను పూర్తిగా పెంచి, నీడల నాణ్యతను అడుగుకు దించేశాడు. నేను నీడలను పెంచి, గడ్డిని తగ్గించుకున్నాను. రెండింటినీ పూర్తిగా పెంచితే ఈ కార్డు మోయలేదు కాబట్టి, ఉన్న శక్తిని దేనికి ఖర్చు పెట్టడం మేలో తేల్చుకోవలసి వచ్చింది.

ముందుగా ఈ ఆట అందం ఎక్కడ ఉందో చూడాలి. స్వీడన్‌కు చెందిన ఐరన్ గేట్ అనే చిన్న బృందం 2021 ఫిబ్రవరి 2న దీనిని ఎర్లీ యాక్సెస్‌లో, అంటే పూర్తికాకముందే ఆడనిచ్చే పద్ధతిలో విడుదల చేసినప్పుడు, డౌన్‌లోడ్ పరిమాణం దాదాపు 1 జీబీ మాత్రమే. టెక్స్చర్లను, అంటే వస్తువుల పైన పరిచే బొమ్మలను, కావాలనే తక్కువ వివరంతో తయారు చేశారు. చెట్టు దగ్గరికి వెళ్లి బెరడును చూస్తే రంగులు గళ్లు గళ్లుగా కనిపిస్తాయి. అదే చెట్టును పొద్దు వాలే వేళ కొంచెం దూరం నుంచి చూస్తే చూపు తిప్పుకోలేం. అంటే ఈ ఆటకు రూపం ఇచ్చేది టెక్స్చర్ కన్నా ఎక్కువగా వెలుతురే. నేను నీడల వైపు మొగ్గడానికి మూలం ఇదే.

ఒక రాత్రి మా ఇద్దరి పాత్రలూ ఒకే గుడిసెలో నెగడు ముందు కూర్చుని ఉండగా రెండు తెరలనూ పోల్చి చూశాం. నా తెర మీద బల్ల కాళ్ల నీడలు నేల మీద పొడవుగా సాగి గోడ దాకా పాకాయి. మంట కదిలినప్పుడల్లా అవి కూడా కదులుతున్నాయి. దుంగ దుంగను కలిసిన మూలల్లో చీకటి చిక్కగా నిలిచింది. ఇది ఎస్ఎస్ఏఓ అనే సెట్టింగ్ చేసే పని. తమ్ముడి తెర మీద అదే బల్ల, అదే మంట ఉన్నాయి గానీ, బల్ల నేలకు ఆనకుండా తేలుతున్నట్టు అనిపించింది. సర్వైవల్ ఆటలో సగం కాలం మనం కట్టుకున్న ఇంట్లోనే, చీకటి పడ్డాక గడుపుతాం కాబట్టి ఈ తేడా చిన్నది కాదు.

దీనికి ఖర్చు మాత్రం గట్టిగానే ఉంటుంది. సూర్యుడి నీడల కోసం కార్డు దృశ్యాన్ని సూర్యుడి వైపు నుంచి కూడా గీసి చూసుకోవాలి. కాగడా వెలుగు అన్ని దిక్కులకూ పడుతుంది కాబట్టి, ఒక్కొక్క కాగడా చుట్టూ పైకీ కిందికీ కలిపి ఆరు వైపుల చూసుకోవలసి ఉంటుంది. అందువల్ల ఇంటి నిండా కాగడాలు గుచ్చి, ఈ నీడల సెట్టింగ్ అయిన పాయింట్ లైట్ షాడోస్‌ను అన్నిటికన్నా పై మెట్టున పెడితే ఏ చిన్న కార్డైనా చతికిలపడుతుంది. సూర్యుడి నీడలను ఎక్కువలో, కాగడాల నీడలను మధ్యలో ఉంచడం నాకు సరిపోయింది.

ఇక గడ్డి సంగతి. "గడ్డి లేకుంటే అది అడవి ఎట్లయితదన్నా?" అని తమ్ముడు అడిగిన మాటను తేలికగా తీసిపారేయలేను. వెజిటేషన్‌ను అడుగుకు దించితే ఆటలోని పచ్చిక బయలైన మెడోస్ ప్రాంతం ఎండాకాలంలో మా కాలనీ ఖాళీ స్థలంలా బోసిపోతుంది. అయితే పూర్తిగా పెంచినప్పుడు పుట్టగొడుగులు, ఏటి ఒడ్డున చెకుముకి రాళ్లు గడ్డిలో కలిసిపోయి, వాటిని వెతకడానికే సమయం పోతుంది. మధ్య మెట్టులో నేల నిండుగానూ ఉంటుంది, కావలసిన వస్తువూ కంటపడుతుంది. మధ్య నుంచి పై మెట్టుకు వెళ్లినప్పుడు కంటికి దక్కే లాభం, నీడలను అడుగు నుంచి పైకి తెచ్చినప్పుడు దక్కే లాభంతో పోలిస్తే తక్కువే.

మోషన్ బ్లర్, డెప్త్ ఆఫ్ ఫీల్డ్, క్రోమాటిక్ అబెరేషన్ మూడింటినీ ఆపేయవచ్చు. అవి దృశ్యాన్ని మసకబార్చడమే గాని కొత్తగా ఏమీ చూపవు. యాంటీ అలియాసింగ్‌ను మాత్రం ఉంచుకోవాలి. లేకపోతే ఆకుల అంచులు రంపపు పళ్లలా మెరుస్తాయి.

నీడలూ గడ్డీ రెండూ పెంచుకుని, బదులుగా రిజల్యూషన్, అంటే చిత్రంలోని పిక్సెళ్ల (చుక్కల) సంఖ్య, తగ్గిస్తే పోదా అని కొందరు అడుగుతారు. 1080పీలో 20,73,600 పిక్సెళ్లు ఉంటే 720పీలో 9,21,600 మాత్రమే ఉంటాయి కాబట్టి కార్డుకు ఊరట కలిగే మాట నిజమే. కానీ 1080పీ తెర మీద 720పీ చిత్రాన్ని పరిచినప్పుడు, ఒక్కొక్క పిక్సెల్ అడ్డంగానూ నిలువుగానూ ఒకటిన్నర పిక్సెళ్ల మేర సాగవలసి వస్తుంది. ఆ లెక్క సమంగా కుదరక అక్షరాలతో సహా అన్నీ అలుక్కుపోతాయి. అలుక్కుపోయిన నీడ కన్నా లేని గడ్డే నయమని నా అభిప్రాయం.

ఊరు పెరిగాక మరో చిక్కు వచ్చింది. కోట దగ్గరికి రాగానే ఆట రెండు యంత్రాల్లోనూ తడబడటం మొదలైంది. కొత్త కార్డు ధర కనుక్కుందామని సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గరి సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కు బయలుదేరబోయి, ఒకసారి పరీక్షిద్దామని గ్రాఫిక్స్ సెట్టింగ్‌లన్నిటినీ అడుగుకు దించి చూశాను. తడబాటు దాదాపు అలాగే ఉంది. ఎఫ్2 మీట నొక్కితే కనిపించే ఇన్‌స్టాన్సెస్ అంకె చూసినప్పుడు కారణం అర్థమైంది. మేము పేర్చిన ప్రతి దుంగ, ప్రతి రాతి దిమ్మె లెక్కలోకి వచ్చి ప్రాసెసర్ మీద భారం వేస్తోంది. అక్కడ నీడలు తగ్గించినా గడ్డి తగ్గించినా ఒరిగేది కొంచెమే. కోటను కుదించుకోవడం, అక్కరలేని కంచెలను పీకేయడమే మార్గం. కార్డు కొనే ముందు ఈ చిన్న పరీక్ష తప్పకుండా చేసుకోవాలని పాఠకులను కోరుతున్నాను.

హైదరాబాద్ మే నెలలో, డాబా కింది గదిలో ఆడేవారు ఫ్రేమ్‌ల గురించి, అంటే కార్డు సెకనుకు గీసే బొమ్మల గురించి కూడా ఆలోచించాలి. పరిమితి పెట్టకపోతే కార్డు శక్తి మేరకు పరుగెత్తుతూనే ఉంటుంది. కాసేపటికి ల్యాప్‌టాప్ వేడెక్కి, తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. నా తెర 144 హెర్ట్జ్‌ది, అంటే సెకనుకు 144 సార్లు రిఫ్రెష్ అయ్యేది కాబట్టి ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లోని మ్యాక్స్ ఫ్రేమ్ రేట్‌ను అందులో సరిగ్గా మూడో వంతైన 48 దగ్గర ఆపాను. ఒక్కొక్క ఫ్రేమ్ మూడు రిఫ్రెష్‌ల పాటు సమంగా నిలవడం వల్ల కదలిక నిలకడగా ఉంటుంది, మిగిలిన శక్తి నీడలకు అందుతుంది. 60 హెర్ట్జ్ తెర ఉన్న తమ్ముడికి 48 సమంగా కుదరదు కాబట్టి అతను 60 దగ్గరే ఉంచుకుని, అందుకోసం నీడలను వదులుకున్నాడు. అతని వైపు నుంచి చూస్తే అది తప్పు లెక్క కాదు.

ఒక్క ప్లెయిన్స్ ప్రాంతంలో మాత్రం నేను అతని పక్షం. అక్కడ నడుము లోతు పసుపు గడ్డే దృశ్యమంతా. దానిని పలచన చేస్తే చూడటానికి మిగిలేది తక్కువ. పైగా అక్కడ తలదాచుకునే ఇల్లు కూడా మాకు లేదు కాబట్టి కాగడాల నీడలతో పని పడదు. అందుకే పడవ ఆ ఒడ్డుకు చేరగానే కాగడాల నీడలను దించి వెజిటేషన్‌ను పైకి పెడతాను, తిరుగు ప్రయాణంలో మళ్లీ మార్చుకుంటాను.