పాత గుడికి పూత: సిమెంటా, సున్నమా?

కోనసీమలోనో నరసాపురం పక్కనో వందేళ్లు దాటిన ఇటుక గుడికి చందాలు పోగయ్యాయంటే ముందు దిగేది సిమెంటు బస్తాలే. మేస్త్రీ ఊళ్లోనే దొరుకుతాడు, ఉత్సవాల లోపు రంగులు కూడా పడిపోతాయి. సున్నం పని నెలల తరబడి సాగుతుంది. అయినా గోదావరి డెల్టాలో పాత గోడకు సున్నమే మేలు.

ఇక్కడ నేలలో నీరు పైపైనే ఉంటుంది, సముద్రం వైపు ఉప్పగానూ ఉంటుంది. పాత గోడ ఆ చెమ్మను పైకి పీలుస్తుంది. సున్నపు గచ్చయితే, అంటే సున్నం, ఇసుక కలిపిన పూతయితే, చెమ్మను బయటికి పోనిస్తుంది. ఉప్పు పైకి తేలుతుంది, రాలిపోయేదీ గచ్చే, మళ్లీ పూసుకోవచ్చు. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. చెమ్మ ఇంకా పైకెక్కుతుంది, ఉప్పు పూత వెనక ఇటుకలోనే పేరుకుని దాన్ని పిండి చేస్తుంది. కొన్నేళ్లకు పూత పెచ్చు ఊడితే ఇటుక ముఖం కూడా దాంతోనే వచ్చేస్తుంది. లోపల గ్రానైట్ పరిచి గోడకు ఎనామిల్ రంగు కొడితే పరిస్థితి మరీ అన్యాయం.

సున్నం నీటికి ఆగదనేవాళ్లకు ధవళేశ్వరం చూపించాలి. 1852లో పూర్తయిన కాటన్ ఆనకట్ట రాతి కట్టుబడి సున్నంతో చేసిందే. సున్నంలో సుర్కీ, అంటే మెత్తగా దంచిన ఇటుక పొడి, కలిపితే తడిలోనూ గట్టిపడుతుంది. గోడ పైభాగానికి ఒక పాలు సున్నపు ముద్ద, మూడు పాళ్లు ఇసుక మామూలు లెక్క. చెమ్మ తగిలే అడుగు భాగానికి ఒకటి సున్నం, ఒకటి సుర్కీ, రెండు ఇసుక. ముందు పాత గచ్చు ముక్కను పలచటి ఆసిడ్‌లో వేసి చూస్తారు: సున్నం పొంగి కరుగుతుంది, మిగిలిన ఇసుకను కడిగి తూస్తే పాళ్లు తెలుస్తాయి. మన దగ్గర ఒక చిక్కుంది. తీరపు ఇసుకలో గుల్ల ముక్కలుంటే అవీ కరిగిపోయి, సున్నం ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. అందుకే ముక్కను ముందు భూతద్దంతో చూడాలి.

సున్నం పని చెడేది ఎక్కువగా తొందరవల్లే. ఒకే పూతలో అంగుళం మందం వేస్తే పగుళ్లు వస్తాయి, పూత పూతకూ అరంగుళం మించకూడదు. తడి ఆరిపోకుండా గాలి తగిలి నెమ్మదిగా గట్టిపడాల్సిన పదార్థం కాబట్టి కనీసం వారం పది రోజులు తడి గోనెలు కప్పి ఎండ తగలకుండా చూడాలి. గాలి తగిలి చాన్నాళ్లు నిలవున్న పొడి సున్నం పట్టు ఇవ్వదు. ఉప్పు బోరు నీళ్లతో కలిపితే ఉప్పును మనమే గోడలో పెట్టినట్టు. గట్టిదనానికని గుప్పెడు సిమెంటు కలపడం అన్నిటికంటే ఎక్కువగా జరిగే తప్పు.

ఇదంతా పూతల మాట. కమిటీ కూర్చున్నప్పుడు అంతకంటే ముందు తేల్చాల్సింది రోడ్డు సంగతి. సిమెంటు రోడ్డు వేసిన ప్రతిసారీ వీధి ఎత్తు పెరిగి, వాననీరు గుడి ఆవరణలోకి మళ్లుతుంది. అది ఆగకపోతే ఏ పూతా నిలవదు. వానాకాలంలో చెమ్మ ఎంతవరకు ఎక్కిందో సుద్దతో గీతలు గీసి, తేదీ వేసి ఫొటో తీయండి. అర్చకుణ్ణి, రోజూ ఆవరణ కడిగే ఆడవాళ్లను అడగండి, నీళ్లు ఎక్కడ నిలుస్తాయో వాళ్లకే బాగా తెలుసు. పంట కాలువలకు నీళ్లు ఆపేసిన వేసవిలో మురుగు కాలువ తవ్వించి, దాళ్వాకు (రెండో పంట వరికి) నీళ్లు వదిలాక, డిసెంబరు నుంచి మార్చి లోపు, గచ్చు పని పెట్టుకుంటే మంచి నీళ్లకు లోటుండదు. దాతలకు టైల్స్ మీద ఉండే మక్కువ మురుగు కాలువ మీద ఉండదు. శిలాఫలకం దానికే పెట్టిస్తే సరి. చందాలో కొంత ఏటా సున్నం కొట్టడానికి విడిగా దాచాలి.

సిమెంటుకూ చోటుంది: ప్రహరీ, వంటశాల, పాత గోడను తాకని ఏ కొత్త కట్టడమైనా సరే. ద్రాక్షారామం, సామర్లకోట లాంటి కేంద్ర రక్షిత కట్టడాల్లో మాత్రం పురావస్తు శాఖ అనుమతి లేకుండా ఏ పూతా వేయకూడదు. చుట్టూ వంద మీటర్ల లోపు కొత్త కట్టడం నిషేధం, ఆపై మరో రెండు వందల మీటర్ల వరకు అనుమతి తప్పనిసరి. దేవాదాయ శాఖ గుళ్లకు ఆ శాఖ స్థపతిని (గుడి నిర్మాణ నిపుణుణ్ణి) ముందే కలవాలి.

ఇప్పటికే సిమెంటు పూసి ఉంటే మొత్తం పీకించకండి. చెక్క సుత్తితో తట్టి, డొల్ల శబ్దం వచ్చినంత మేరే తీయించండి. గట్టిగా పట్టుకున్న చోట ఉలి పెడితే ఇటుకే పోతుంది.