సింగపూర్ – న్యూయార్క్ నాన్‌స్టాప్ విమానం: ఆగకుండా వెళ్లడానికి అంత డబ్బు పెట్టవచ్చా?

సింగపూర్‌లోని చాంగి విమానాశ్రయం నుంచి న్యూయార్క్‌లోని జేఎఫ్‌కే విమానాశ్రయానికి భూగోళం మీద అతి దగ్గరి దారి సుమారు 15,350 కిలోమీటర్లు. సింగపూర్ ఎయిర్‌లైన్స్ ఈ దూరానికి దాదాపు 18 గంటల 40 నిమిషాల సమయం చూపుతుంది. అయితే విమానం ఆ దగ్గరి దారినే పట్టుకొని వెళ్లదు. చాలా ఎత్తులో పడమటి నుంచి వేగంగా వీచే జెట్ స్ట్రీమ్ గాలులు వెనుక నుంచి తోసేలా పసిఫిక్ మీదుగా వెళ్తుంది కాబట్టి, కిలోమీటర్లు పెరిగినా సమయం కలిసివస్తుంది. తిరుగు ప్రయాణంలో ఆ రోజు గాలిని బట్టి దారి మారుతుంది. అందువల్ల దూరాన్ని సగటు వేగంతో భాగించి ప్రయాణ సమయం చెప్పే వెబ్‌సైట్ల లెక్కను ఈ దారికి నమ్ముకోకూడదు.

ఆఫీసు సెలవు లెక్కపెట్టుకునేవారు తేదీలను మరింత జాగ్రత్తగా చూసుకోవాలి. మధ్యాహ్నం సింగపూర్‌లో ఎక్కితే అదే రోజు సాయంత్రం న్యూయార్క్‌లో దిగుతాము. రాత్రి న్యూయార్క్‌లో ఎక్కితే మాత్రం దిగేది ఎల్లుండి తెల్లవారుజామున. రెండు నగరాల మధ్య వేసవిలో 12 గంటలు, చలికాలంలో 13 గంటలు తేడా ఉండటమే ఇందుకు కారణం.

ఇదే సంస్థ 2004 నుంచి 2013 వరకు నాలుగు ఇంజన్ల ఎయిర్‌బస్ ఎ340-500తో, న్యూయార్క్ పక్కనే న్యూజెర్సీలో ఉన్న న్యూవార్క్ విమానాశ్రయానికి ఆగకుండా నడిపి, ఇంధన ఖర్చు భరించలేక మానుకుంది. 2018లో రెండు ఇంజన్ల ఎ350-900యూఎల్‌ఆర్‌తో (అతి దూర ప్రయాణాల కోసం చేసిన రకం) మళ్లీ మొదలుపెట్టింది. ఈ విమానం 1,65,000 లీటర్ల ఇంధనం మోయగలదు. అంత బరువు మోయాలంటే మనుషులు తగ్గాలి గనుక సీట్లు 161 మాత్రమే: బిజినెస్‌లో 67, ప్రీమియం ఎకానమీలో 94. సాధారణ ఎకానమీ అసలు లేదు. టికెట్ ధర చూసి గుండె గుభేలుమనేది ఇక్కడే.

నేను ప్రీమియం ఎకానమీలో వెళ్లాను. చివరి వరుసల్లో కిటికీ పక్కన ఒంటరి సీట్లు కొన్ని ఉన్నాయి. కుర్చీకీ కిటికీకీ మధ్య చిన్న సామాను పెట్టె ఉంటుంది. దుప్పటి, పుస్తకం, చెప్పులు అన్నీ అందులో పడేసి, ఎవరినీ లేపకుండా నడవాలోకి వెళ్లి రావచ్చు. అదనపు రుసుము అడిగినా నా దృష్టిలో ఆ సీటు తీసుకోవడమే మేలు. శాకాహార భోజనం కనీసం 24 గంటల ముందు చెప్పి ఉంచుకోవాలి. ఈ సంస్థ తన ప్రయాణికుల కోసం నడిపే క్రిస్‌ఫ్లయర్ పథకంలో సభ్యత్వం ఉచితమే కనుక ముందే తీసుకుంటే వైఫైకి డబ్బు కట్టనక్కర్లేదు.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆగి వెళ్లే ఇదే సంస్థ విమానంతో పోలిస్తే ఆదా అయ్యేది నాలుగైదు గంటలే. నిద్రలో లేచి, దిగి, మళ్లీ ఎక్కే శ్రమ తప్పుతుంది కాబట్టి పెద్దవాళ్లకు, పసిపిల్లలతో వెళ్లేవారికి ఆ ధర సమంజసమే. ఒంటరిగా వెళ్లే కుర్రవాళ్లకు ఫ్రాంక్‌ఫర్ట్ దారి చాలు, పైగా దానిలో ఎకానమీ కూడా ఉంది. హైదరాబాదు నుంచి న్యూయార్క్ వెళ్లేవారు సింగపూర్ వైపు చూడనవసరం లేదు: మొత్తం 18,600 కిలోమీటర్లు దాటే చుట్టుదారి అది, దుబాయ్ మీదుగా అయితే సుమారు 13,600తో పోతుంది. సింగపూర్‌లో స్థిరపడి, న్యూజెర్సీలోని ఎడిసన్ చుట్టుపక్కల బంధువుల ఇంటికి వెళ్లే మన తెలుగువారు మాత్రం జేఎఫ్‌కే టికెట్ కొనేముందు న్యూవార్క్‌కు వెళ్లే నాన్‌స్టాప్ ధర కూడా చూడండి. గాలిలో సమయం దాదాపు అంతే, దిగాక న్యూయార్క్ నగరపు ట్రాఫిక్‌ను దాటే పని ఉండదు.