కాన్‌కూన్ రిసార్ట్‌కి పిల్లలతో వెళ్తున్నారా? ఆ ‘ఫ్రీ బ్రేక్‌ఫాస్ట్’కి మాత్రం కూర్చోకండి

మేం డాలస్‌లో ఉంటాం. మొన్న జులైలో అమ్మానాన్నల్ని, ఇద్దరు పిల్లల్ని (పాపకి ఆరేళ్లు, బాబుకి మూడు) తీసుకుని మెక్సికోలోని కాన్‌కూన్ దగ్గర ఒక ఆల్ ఇన్‌క్లూజివ్ రిసార్ట్‌లో ఐదు రాత్రులు ఉండి వచ్చాం. ఇక్కడి నుంచి మూడు గంటల లోపే ఫ్లైట్, అమ్మావాళ్ల అమెరికా విజిటర్ వీసా చెల్లుబాటులో ఉంటే మెక్సికోకి వేరే వీసా అక్కర్లేదు, తిండికీ ఈతకొలనుకీ విడిగా కట్టాల్సింది లేదు, అందుకే బుక్ చేశాం. అవన్నీ నిజమే. కానీ అక్కడ 4,200 డాలర్లు పోగొట్టుకోబోయి ఎలాగో బయటపడ్డాం. డిసెంబర్ సెలవులకి చాలామంది ఇలాంటి రిసార్ట్‌లే చూస్తుంటారు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ముందు ఎయిర్‌పోర్టు సంగతి. కాన్‌కూన్‌లో కస్టమ్స్ దాటాక బయటి తలుపుకి ముందు ఒక హాలు ఉంటుంది, రెండు పక్కలా కౌంటర్లు, మెడలో బ్యాడ్జీలు వేసుకున్న మనుషులు. ‘ఏ హోటల్? మీ బండి ఇక్కడే’ అని పిలుస్తారు. వాళ్లు బండివాళ్లు కారు, టైమ్‌షేర్ (ఏటా కొన్ని రోజులు రిసార్ట్‌లో ఉండే హక్కు) అమ్మేవాళ్లు. మీరు బుక్ చేసిన వ్యాన్ మనిషి భవనం బయట మీ పేరు రాసిన కాగితం పట్టుకుని నిలబడతాడు. ఇది ముందే విన్నాం కాబట్టి ఎవరివైపూ చూడకుండా నడిచి వచ్చేశాం. అదే పని రిసార్ట్ లోపల కూడా చేస్తారని మాత్రం మాకు తట్టలేదు.

చెక్ ఇన్ అయ్యి చేతులకి బ్యాండ్‌లు కట్టగానే, మీకో గిఫ్ట్ ఉంది, ఆ డెస్క్ దగ్గర తీసుకోండి అన్నారు. అక్కడ ఒకాయన ఎంతో మర్యాదగా నాన్నకి కుర్చీ వేసి, బాబుకి జ్యూస్ ఇచ్చి, రేపు ఉదయం తొమ్మిదికి మీకోసం ప్రత్యేకంగా బ్రేక్‌ఫాస్ట్ ఉంది, తొంభై నిమిషాలే, రిసార్ట్ అంతా చూపిస్తాం, 200 డాలర్ల క్రెడిట్ ఇస్తాం అన్నాడు. రిసార్ట్ ఉద్యోగి అనుకుని సరే అన్నాం.

తొమ్మిదికి కూర్చున్నవాళ్లం లేచేసరికి ఒంటిగంట నలభై. ఇది టైమ్‌షేరా అని సూటిగా అడిగాను, కాదు, మెంబర్‌షిప్ అన్నారు. టేబుల్ మీద తెల్ల కాగితం పెట్టి లావు పెన్నుతో 38,000 అని రాశాడు మొదటి మనిషి. వద్దన్నాం. ఇంకొకాయన వచ్చి దాన్ని కొట్టేసి 24,000 అన్నాడు. మళ్లీ వద్దంటే, మేనేజర్‌ని అంటూ మూడో మనిషి వచ్చి 11,500 రాసి దాని చుట్టూ రెండుసార్లు సున్నా చుట్టి, ఈ రేటు మీరు ఈ కుర్చీలోంచి లేచేదాకానే అన్నాడు. అప్పటికి బాబు నా ఒళ్లో నిద్రపోయాడు, పాప ఏడుస్తోంది, అమ్మకి షుగర్ మాత్ర వేసుకునే టైమ్ దాటిపోయింది. ఎలాగైనా గదికి పోవాలనిపించి మావారూ నేనూ సంతకాలు పెట్టేశాం. అడ్వాన్స్ 4,200 క్రెడిట్ కార్డు మీద గీకారు.

రాత్రి పిల్లలు పడుకున్నాక కాగితాలు మొత్తం చదివాం. బల్ల దగ్గర చెప్పినవాటిలో సగం అందులో లేవు. ఏటా ఎంచక్కా ఉచితంగా రావచ్చన్నారు, కాగితంలో ఏడాదికింత అని మెయింటెనెన్స్ ఫీజు ఉంది. చివర్లో చిన్న అక్షరాల్లో, ప్రయోజనాలు ఈరోజు నుంచే వాడుకుంటున్నాం కాబట్టి రద్దు హక్కు వదులుకుంటున్నాం అని ఒక పేజీ, కింద మా సంతకాలు.

ఆ పేజీ చూసి భయపడకండి. మెక్సికోలో టైమ్‌షేర్ ఒప్పందాన్ని సంతకం చేసిన 5 పనిదినాల్లోపు జరిమానా లేకుండా రద్దు చేసుకోవచ్చు, ఆ హక్కు వదులుకున్నట్టు రాయించుకున్నా అక్కడి వినియోగదారుల చట్టం ముందు చెల్లదు. ఈ ఫిర్యాదులు చూసే ప్రభుత్వ సంస్థ పేరు ప్రొఫెకో. మర్నాడు పొద్దున్నే రిసార్ట్‌లో ఆ మెంబర్‌షిప్ అమ్మినవాళ్ల దగ్గరికి వెళ్తే, సంబంధించిన మనిషి సెలవు, రేపు రండి అన్నారు. రోజులు దాటించడానికే అలా అంటారు. మేం ఊరుకోలేదు. కాంట్రాక్టు నంబరు, రద్దు చేస్తున్నాం అన్న మాట, ఇద్దరి సంతకాలతో స్పానిష్‌లో, ఇంగ్లిష్‌లో ఉత్తరం రాసి రెండు కాపీలు తీసుకెళ్లాం. ఒకటి వాళ్లకిచ్చి, రెండోదాని మీద అందినట్టు తేదీతో సంతకం చేయించుకున్నాం. అదే రోజు ఈమెయిల్ కూడా పంపి, కార్డు కంపెనీకి ఫోన్ చేసి చెప్పాం. డబ్బు వెనక్కి రావడానికి 34 రోజులు పట్టింది, ఆ నెలంతా ఇంట్లో ఒకటే టెన్షన్.

తర్వాత ఇంకో రకం ఫోన్లు మొదలయ్యాయి, మీ మెంబర్‌షిప్ కొనడానికి మనిషి ఉన్నాడు, ముందు టాక్స్ కట్టండి అని. ఇలా ఫోన్లు చేసి టైమ్‌షేర్ ఉన్నవాళ్లని దోచిన మోసాల వెనక హలిస్కో కార్టెల్ అనే మెక్సికో డ్రగ్స్ ముఠా ఉందని 2023లో అమెరికా ట్రెజరీ కొందరి మీద, కొన్ని కంపెనీల మీద ఆంక్షలు పెట్టింది. ముందు డబ్బు కట్టమంటే మాట్లాడకుండా ఫోన్ పెట్టేయండి.

ఇక మిగతా సంగతులు. ఆ 200 డాలర్ల క్రెడిట్ నగదులా వాడుకునేది కాదు, మసాజ్ ధరలో కొంత తగ్గింపు ఇచ్చారంతే. కిడ్స్ క్లబ్‌లో నాలుగేళ్లు నిండితేనే తీసుకుంటాం అన్నారు, బాబు మూడేళ్లవాడు కాబట్టి ఐదు రోజులూ మాతోనే. పిల్లల వయసు చెప్పి ముందే ఈమెయిల్‌లో అడిగి తెలుసుకోండి.

సముద్రం సంగతి అంతకన్నా బాధ. ఒడ్డంతా గోధుమరంగు సర్గాసమ్ నాచు మోకాలి ఎత్తున, కుళ్లిన కోడిగుడ్డు వాసన. పొద్దున్నే ట్రాక్టర్ వచ్చి ఎత్తుకెళ్లినా మధ్యాహ్నానికి మళ్లీ అంతే. పాప ఒక్కరోజు కూడా అలల్లో ఆడలేదు. 2011 నుంచి కరీబియన్ తీరాలకి ఇది పెద్ద సమస్య, ఎక్కువగా వసంతం నుంచి ఆగస్టు దాకా వస్తుంది, చలికాలంలో తగ్గుతుంది. యూనివర్సిటీ ఆఫ్ సౌత్ ఫ్లోరిడా వాళ్లు శాటిలైట్ చిత్రాలతో ప్రతినెలా నివేదిక ఇస్తారు, బుక్ చేసేముందు చూడండి. వేసవిలోనే వెళ్లాలంటే దగ్గర్లోని కొసుమెల్ దీవి పడమటి ఒడ్డు, ఇస్లా ముహేరెస్ దీవి ఉత్తరపు ఒడ్డు కొంత నయం.

మాంసం తినని పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకి ఒక్క మాట. అక్కడ బీన్స్‌ని పందికొవ్వుతో, అన్నాన్ని చికెన్ నీళ్లతో వండటం మామూలు. వెజిటేరియన్ అంటే ముక్కలు లేకపోతే చాలనుకుంటారు. ‘సిన్ మంతేకా, సిన్ కాల్దో దె పోయో’ అని అడగండి, అంటే పందికొవ్వు లేకుండా, చికెన్ నీళ్లు లేకుండా అని. మేం ఈ మాట రెండో రోజు నేర్చుకున్నాం. మొదటి రోజు అమ్మ తిన్న అన్నం గురించి ఆమెకి ఇప్పటికీ చెప్పలేదు.

మేం ఇచ్చిన రద్దు ఉత్తరం స్పానిష్ కాపీ నా దగ్గరుంది. ఎవరైనా ఇప్పుడు అక్కడే ఉండి, సంతకం పెట్టేసి ఐదు పనిదినాలు దాటకపోతే వెంటనే అడగండి, పంపిస్తాను.