ఆఖరి బస్సు పోయిందా అని అడిగినవాళ్లు: మా జిల్లా హక్కుల సంఘంతో పద్నాలుగేళ్లు

2011 నవంబరు. పత్తి ఏరే రోజులు. పరకాల దగ్గర మా ఊళ్లో బావుల మీద మోటార్లు దొంగలెత్తుకుపోతున్నారని ఒక రాత్రి పోలీసులు జీపులో వచ్చి మా తమ్ముణ్ణి తీసుకెళ్లారు. మర్నాడు స్టేషనుకు వెళ్తే అలాంటివాడెవడూ ఇక్కడ లేడన్నారు. లోపలి నుంచి వాడి దగ్గు వినిపించిందని అమ్మ ఇప్పటికీ చెబుతుంది. హన్మకొండలో నా టైలరింగు దుకాణం పక్కనే ఉండే ఒక వకీలు గుమాస్తా దారి చూపిస్తే, ఆ సాయంత్రమే హక్కుల సంఘం జిల్లా శాఖవాళ్ల దగ్గరికి వెళ్లాం. ఆ శాఖ పేరు ఇక్కడ రాయను. ఇందులో ఫిర్యాదులూ ఉన్నాయి. అవి వాళ్లకు ముఖాముఖి చెప్పినవే.

ఆఫీసంటూ ఏమీ లేదు. ఒక న్యాయవాది ఇంటి వరండా, రెండు బెంచీలు, ఒక చెక్క బల్ల. అమ్మ ఏడుస్తూ "రాత్రి బాగా పొద్దుపోయాక వచ్చారు" అంది. రాసుకుంటున్న పెద్దాయన పెన్ను ఆపి, "చెల్లెమ్మా, వాళ్లు వచ్చేసరికి హన్మకొండ ఆఖరి బస్సు వచ్చి పోయిందా?" అని అడిగారు. వచ్చింది. బాబాయి ఆ బస్సులోనే దిగాడు. కాళ్లు కడుక్కుని అన్నానికి కూర్చున్నాడు, ముద్ద నోట్లో పెట్టకముందే జీపు లైట్లు గోడ మీద పడ్డాయి. అమ్మకు గడియారం చూడటం రాదు. కానీ ఆ ఒక్క ప్రశ్నతో సమయం తొమ్మిదిన్నరకూ పదికీ మధ్య అని తేలిపోయింది. జీపు ఏ వైపు తిరిగింది, ఎవరు చూశారు, తమ్ముడి ఒంటి మీద ఏ చొక్కా ఉంది, అన్నీ అలాగే రాసుకున్నారు. అంతవరకు మా మాట వినడానికి కూర్చున్నవాళ్లే లేరు.

అప్పటికింకా టెలిగ్రాములు ఉన్నాయి (2013 జూలైలో ఆపేశారు). ఆ రాత్రే జిల్లా ఎస్పీకి, హైకోర్టు ప్రధాన న్యాయమూర్తికి, మానవ హక్కుల కమిషనుకు తలా ఒకటి కొట్టించారు. రసీదులు మాత్రం అమ్మ చేతికే ఇచ్చి, జాగ్రత్తగా దాచమన్నారు. వాటితో ఏమొస్తుందో నాకు అప్పుడు అర్థం కాలేదు.

అరెస్టు చేసిన మనిషిని, ప్రయాణ సమయం పోను, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలని రాజ్యాంగం 22వ అధికరణం చెబుతుంది. అరెస్టు పత్రం మీద తేదీ, సమయం, సాక్షి సంతకం ఉండాలని, ఇంటివాళ్లకు కబురు చెప్పాలని డి.కె. బసు కేసులో 1996లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. మా తమ్ముణ్ణి నాలుగో రోజు కోర్టుకు తెచ్చి, ఆ తెల్లవారుజామునే పట్టుకున్నట్టు కాగితాల్లో చూపించారు. అప్పుడు వకీలు సారు ఆ రసీదులు ముందు పెట్టారు. తెల్లవారుజామున పట్టుబడ్డవాడి కోసం రెండు రోజుల ముందే తల్లి టెలిగ్రాము ఎలా ఇచ్చింది? మేజిస్ట్రేటు తమ్ముణ్ణి దగ్గరికి పిలిచి మాట్లాడారు, వైద్య పరీక్షకు పంపారు. తర్వాత బెయిలొచ్చింది. 2015లో కేసు కొట్టేశారు.

బయటికి వచ్చాక ఫిర్యాదు నేనే రాసుకుని వెళ్లాను. "చిత్రహింసలు పెట్టి దారుణంగా కొట్టారు" అని మొదలుపెట్టాను. పెద్దాయన ఆ వాక్యం కొట్టేశారు. నాకు కోపం వచ్చింది. "దేనితో కొట్టారు? ఎక్కడ? ఆ గదిలో ఇంకెవరు ఉన్నారు? అది రాయమ్మా, చదివేవాళ్లకు మిగతాది అర్థమవుతుంది" అన్నారు. తమ్ముడు చాలాసేపు తల వంచుకుని ఉండి, అరికాళ్ల మీద రబ్బరు పట్టీతో కొట్టారని మెల్లగా చెప్పాడు. నేను రాశాను. అర్జీ రాయడం నేను నేర్చుకున్నది ఆ రోజే.

వాళ్ల నిజనిర్ధారణ ఒకవైపు మాటతో ముగియదు. మోటారు పోయిన రైతు ఇంటికి వెళ్లారు, స్టేషను అధికారినీ అడిగారు. మమ్మల్ని ఏడిపించినవాళ్లతో మాటలేమిటని అప్పుడు బాధపడ్డాను. 2017లో మా దగ్గరి బంధువు ఒకాయన తన కొడుకును పోలీసులు కొట్టారని చెబితే, నేనే తీసుకెళ్లాను. వీళ్లు ఊళ్లో ఒక రోజంతా తిరిగి, ఆ దెబ్బలు అన్నదమ్ముల గెట్టు తగాదాలో తగిలినవని తేల్చారు, ప్రకటన ఇవ్వబోమన్నారు. ఆ బంధువు మాతో మాట్లాడటం మానేశాడు. కానీ మా తమ్ముడి విషయంలో వాళ్ల మాటకు కోర్టులో, పత్రికల్లో విలువ ఉందంటే ఇదిగో, ఇందుకే.

పోలీసు కేసులే చూస్తారనుకుంటే పొరపాటు. 2016లో మా ఊరి కౌలురైతు ఒకతను పురుగుమందు తాగి చనిపోయాడు. ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి 6 లక్షల సాయం అందాలంటే ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ అధికారి కలిసిన ముగ్గురి కమిటీ అతను రైతేనని తేల్చాలి. పాసుపుస్తకం లేదు, భూమి వేరొకరిది. యజమాని సంతకానికి భయపడ్డాడు. సంఘంవాళ్లు ఎరువుల దుకాణం చీటీలు, ప్రాంసరీ నోట్లు, పక్క చేలవాళ్ల వాంగ్మూలాలు పోగు చేసి రెండున్నరేళ్లు తిరిగారు. డబ్బు చివరికి వచ్చింది. 2018లో రైతుబీమా వచ్చింది, అదీ భూమి పేరు మీద ఉన్నవాళ్లకే. కౌలుదారు భార్య నేటికీ అదే గుమ్మం ముందు నిలబడాల్సి వస్తోంది.

ఇవన్నీ చేసేది పదిపన్నెండు మంది. బస్సు చార్జీలు వాళ్లవే, మా ఇంట్లో భోజనానికి రమ్మన్నా రారు. వరంగల్లులో ఈ పని చేయడమంటే ఏమిటో కూడా గుర్తుంచుకోవాలి. 1985 సెప్టెంబరు 3న హక్కుల సంఘంలో పనిచేసిన పిల్లల డాక్టర్ రామనాథం గారిని ఈ ఊళ్లోనే, తన క్లినిక్‌లోనే కాల్చి చంపారు. 1991లో న్యాయవాది నర్రా ప్రభాకర్ రెడ్డి గారిని చంపారు. కాకతీయ విశ్వవిద్యాలయంలో లెక్కలు చెప్పిన బాలగోపాల్ గారు జీవితాంతం చేసిన పని కూడా ఇదే: ఊరికి వెళ్లడం, అడగడం, రాయడం.

ఇక నా ఫిర్యాదులు. మొదటిది నాకు పెద్దది. ఖాకీ దుస్తులవాళ్లు కొడితే మర్నాడే వచ్చే సంఘంవాళ్లు, అడవి నుంచి వచ్చిన నక్సలైట్లు ఇన్ఫార్మరని ముద్రవేసి ఒక మనిషిని చంపినప్పుడు అంతే తొందరగా రావాలి కదా? 1998లో పౌరహక్కుల సంఘం నుంచి విడిపోయి మానవ హక్కుల వేదిక వేరుగా ఏర్పడటం వెనుక ఉన్న చర్చల్లో ఇదీ ఒకటి. చచ్చిపోయినవాడి తల్లికి తుపాకి ఎవరిదైతే ఏమిటి? నేను అడిగిన ప్రతిసారీ ఓపికగా విన్నారు, కానీ నాకు సరిపడే జవాబు రాలేదు.

రెండోది, ఆడవాళ్లు ఇద్దరే ఉన్నారు. మొగుడు కొట్టాడని వచ్చిన మనిషి ఆ వరండాలో అంతమంది మగవాళ్ల ముందు నోరు విప్పలేదు. నేను పక్కన కూర్చుంటే సగం చెప్పింది. నలభై లోపువాళ్లు దాదాపు లేరు. ఫోను మూడు సార్లు చేస్తే ఒకసారి ఎత్తుతారు. నివేదిక వచ్చేసరికి ఊళ్లోవాళ్లు సంగతే మరిచిపోతారు. ప్రకటనల్లో "రాజ్యహింస" అని రాస్తారు. అర్జీలో నా మాటలు కొట్టేసిన చేతులే ఆ మాటలూ కొట్టేస్తే బాగుంటుంది.

అయినా ఎవరికైనా ఆపద వస్తే ముందు అక్కడికే తీసుకెళ్తాను. వెళ్లేవాళ్లు మందుల చీటీలు, ఎఫ్ఐఆర్ నకలు ఉంటే అది, చూసినవాళ్లలో ఒకరిని వెంట తీసుకెళ్లండి. జరిగింది జరిగినట్టు చెప్పండి, మీవాడి తప్పుంటే అది కూడా.

ఏడేళ్లలోపు శిక్ష పడే నేరాల్లో అరెస్టుకు బదులు ముందు నోటీసు ఇవ్వడం గురించి వాళ్లదొక మంచి కరపత్రం ఉంది. 2024 జూలై 1 నుంచి చట్టం మారి సెక్షన్ల నంబర్లు మారాయి. తిరిగి అచ్చు వేయమని చెప్పి ఏడాది దాటింది. ఈలోగా జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చేవాళ్లకు ఇచ్చే ప్రతి కాపీ మీద పాత సెక్షను 41-ఎ కొట్టేసి కొత్త నంబరు 35(3) అని నేనే పెన్నుతో రాసి ఇస్తున్నాను.