హైదరాబాద్ నుంచి తిరుపతికి విమానం: గంటా పావు ప్రయాణానికి నిజంగా పట్టే టైమ్

శంషాబాద్ నుంచి రేణిగుంటకు గాలిలో సూటిగా కొలిస్తే సుమారు 415 కిలోమీటర్లు. టికెట్ మీద ప్రయాణ సమయం గంటా పావు, కాస్త అటూ ఇటూగా ఉంటుంది. ఆ అంకె చూసి పొద్దున బయల్దేరి మధ్యాహ్నానికల్లా దర్శనం అయిపోతుందనుకుంటారు చాలామంది. మోకాళ్ల నొప్పులున్న అమ్మతో విమానంలోనూ వెళ్లాను, రైల్లోనూ వెళ్లాను కాబట్టి అసలు లెక్క చెబుతాను.

ఆ గంటా పావులో గాల్లో ఉండేది గంటలోపే. మిగతాది రన్‌వే దాకా వెళ్లడానికి, దిగాక ఆగడానికి. ఈ దారిలో కొన్నిసార్లు ఏటీఆర్, అంటే రెక్కలకు పంకాలుండే చిన్న విమానం, వస్తుంది. దాని వేగం గంటకు 500 కిలోమీటర్ల లెక్కన ఉంటుంది, జెట్ 800 దాటుతుంది. అయినా ఇంత తక్కువ దూరంలో తేడా పది పదిహేను నిమిషాలే. అమ్మకైతే ఏటీఆరే నచ్చింది. అది నేలకు దగ్గరగా ఉంటుంది, ఎక్కడానికి కొన్ని మెట్లే. చేతిసంచులు పెట్టే పై అర మాత్రం చిన్నది.

ఇక నేల మీద ప్రయాణం. కూకట్‌పల్లి నుంచి ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా శంషాబాద్‌కు గంట, రద్దీ ఉంటే గంటన్నర. చెక్-ఇన్ కౌంటర్ గంట ముందే మూసేస్తారు కనుక రెండు గంటల ముందే చేరుకోవాలి. రేణిగుంట నుంచి తిరుపతి దాదాపు 15 కిలోమీటర్లు. అలిపిరిలో బండి ఆపి సామాన్లు తనిఖీ చేస్తారు, తర్వాత ఘాట్ రోడ్డు. అన్నీ కలిపితే ఇంటి గుమ్మం నుంచి కొండ మీదికి ఆరేడు గంటలు.

వందే భారత్ పొద్దున సికింద్రాబాద్‌లో బయల్దేరి నల్గొండ, గుంటూరు, ఒంగోలు, నెల్లూరు మీదుగా మధ్యాహ్నం రెండున్నర ప్రాంతంలో తిరుపతి చేరుతుంది. ఎనిమిది గంటలకు పైగా కూర్చోవడం నాకు బాగానే ఉంది, అమ్మకు నడుము పట్టేసింది. రాత్రి పడుకుని వెళ్లాలనుకుంటే నారాయణాద్రి, వెంకటాద్రి ఉన్నాయి. కింది బెర్త్ దొరికితే నా ఓటు నారాయణాద్రికే. తెల్లవారేసరికి ఊళ్లో ఉంటాం, పగలంతా మిగులుతుంది, హోటల్ ఖర్చు ఒక రాత్రి తగ్గుతుంది.

పెద్దవాళ్లు ఉంటే మాత్రం విమానమే. టికెట్ తీసుకునేటప్పుడే వీల్‌చైర్ అడగండి. శంషాబాద్‌లో సహాయకుడు అమ్మను గేటు దాకా ఎంతో ఓపికగా తీసుకెళ్లాడు. ఆ ఒక్క సాయానికే టికెట్ డబ్బులు గిట్టుబాటయ్యాయనిపించింది.

బసకు తిరుమలలో దేవస్థానం గది ముందే ఆన్‌లైన్‌లో దొరికితే అంతకన్నా హాయి లేదు. దొరక్కపోతే కింద తిరుపతిలో రైల్వే స్టేషన్ ఎదురుగా విష్ణునివాసం, బస్టాండ్ దగ్గర శ్రీనివాసం వసతి గృహాలు ఉన్నాయి. మేం విష్ణునివాసంలో దిగాం. గది సాదాసీదాగా ఉన్నా శుభ్రంగా ఉంది, కొండ మీదికి బస్సులు దగ్గరే. రైల్లో వచ్చేవాళ్లకు ఇదే మేలు.

తిరుగు విమానం దర్శనం రోజునే పెట్టుకోకండి. క్యూలో ఎంతసేపు పడుతుందో ఎవరూ ముందే చెప్పలేరు. మర్నాడు మధ్యాహ్నం విమానం పెట్టుకుంటే టెన్షన్ ఉండదు, పొద్దున తిరుచానూరు అమ్మవారి దర్శనమూ అవుతుంది.