మందుల షాపు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్: పదకొండేళ్లు వాడాక నా సమీక్ష

విశాఖలో కేజీహెచ్ పెద్దాసుపత్రి దగ్గర మాది మందుల షాపు. ఈ సాఫ్ట్‌వేర్ పేరు రాయను. రాసినా లాభం లేదు, వాళ్లే మారుస్తూ ఉంటారు. మొదట ప్లస్ అన్నారు, తర్వాత ప్రో, ఇప్పుడు ప్రైమ్. వచ్చే ఏడు పరమపదం అని పెడతారేమో.

2014లో కొన్నాం. ఆ మార్చి 1 నుంచి షెడ్యూల్ హెచ్1 మందులకు, అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని కొన్ని యాంటీబయాటిక్, టీబీ మందుల్లాంటి వాటికి, వేరే రిజిస్టరు పెట్టాలని రూలు వచ్చింది. డాక్టరు పేరు, రోగి పేరు, మందు, ఎంత ఇచ్చాం, అన్నీ రాసి మూడేళ్లు దాచాలి. సాయంత్రం రద్దీలో చేత్తో రాయడం జరిగే పని కాదు. ఇందులో ఒక్క మీట నొక్కితే రిజిస్టరు మొత్తం బయటికొచ్చేది. బ్యాచ్, ఎక్స్‌పైరీ, ర్యాక్ నంబరు ఒకే తెర మీద కనిపించేవి. మౌస్ ముట్టుకునే పనే లేదు. కౌంటర్‌లో కుర్రాడు పేషెంటుతో మాట్లాడుతూనే బిల్లు కొట్టేసేవాడు. ఇంత బాగా పనిచేసే సరుకు చేసినవాళ్లకి తర్వాత ఏం పుట్టిందో తెలీదు.

అదే ఏడు అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చింది. కరెంటు లేదు, ఫోన్లు లేవు, నెట్ ఊసే లేదు. పక్క ల్యాబ్ వాళ్ల జనరేటర్ నుంచి వైరు లాగి, డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు మీద బిల్లులు కొట్టాం. లైసెన్సంతా యూఎస్‌బీ డాంగిల్‌లో, అంటే కంప్యూటర్‌కి గుచ్చే చిన్న ముక్కలో ఉండేది. ఈ ఊరి ఉప్పుగాలికి షట్టర్లే తుప్పుపడతాయి, డాంగిల్ ఒక లెక్కా? దాని కొన నల్లబడినప్పుడల్లా రబ్బరుతో రుద్ది మళ్లీ గుచ్చేవాళ్లం. అంతే, అదే మా వార్షిక మెయింటెనెన్స్.

2017 జూలై 1న జీఎస్టీ వచ్చినప్పుడు అప్‌గ్రేడ్‌కి డబ్బులడిగారు, కట్టాను. అది న్యాయం. వ్యాట్ పోయి పన్ను లెక్కంతా మారింది, ఏ సరుకు ఏ రకమో చెప్పే హెచ్‌ఎస్‌ఎన్ కోడ్లు వచ్చాయి, వాళ్లకీ పని పడింది. నా గొడవ ఆ తర్వాతి సంగతి.

2025 సెప్టెంబరు 22న కొత్త జీఎస్టీ రేట్లు అమల్లోకి వచ్చాయి కదా. పన్నెండు శాతంలో ఉన్న మందుల్లో చాలావరకు ఐదుకి దిగాయి, 33 ప్రాణరక్షక మందులు సున్నాకి వెళ్లాయి. పాత స్ట్రిప్ మీద పాత ఎంఆర్‌పీ అచ్చయి ఉన్నా కొత్త ధరకే ఇవ్వాలి. సపోర్టుకి ఫోన్ చేశాను.

"మీ వెర్షన్‌లో అవదు సార్."

"ఐదు శాతం ఉంది కదా బాబూ? ఇన్సులిన్ ఇన్నాళ్లూ ఐదులోనే కొడుతున్నాం."

"ఐదు ఉంది సార్. పన్నెండు ఉంది. పన్నెండులోంచి ఐదులోకి పంపే ఆప్షన్ ప్రైమ్‌లో ఉంది."

"మరి ఒక్కో మందూ తెరిచి మార్చుకుంటే?"

"నిరభ్యంతరంగా సార్! అది ఫ్రీ."

మా ఐటమ్ మాస్టర్‌లో, అంటే సాఫ్ట్‌వేర్‌లోని మందుల జాబితాలో, వేల మందులున్నాయి. అన్నీ ఒక్కసారే మార్చే బటనుకి ఏడాది చందా. కొటేషన్ వచ్చింది. కింద చివరి లైనులో, సాఫ్ట్‌వేర్ సేవ మీద జీఎస్టీ 18 శాతం. మందు మీద పన్ను ఐదుకి దించడానికి నేను పద్దెనిమిది కట్టాలి. ఆ కాగితం మా ఆడిటరుకి చూపిస్తే నవ్వి, ఇన్‌పుట్ క్రెడిట్ వస్తుందిలెండి, మీరు కట్టే జీఎస్టీలో తగ్గించుకోవచ్చు అన్నారు. ఆయన ఓదార్పులన్నీ ఇలాగే ఉంటాయి.

కట్టాను. కట్టాక తెలిసింది, ప్రైమ్ మా కంప్యూటర్‌లో ఎక్కదట. దానికి విండోస్ 11 కావాలి. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే చిప్ కావాలి. మా డబ్బాలో అది లేదు. సరే, విండోస్ 10కి సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆపేస్తామని దాన్ని చేసిన కంపెనీ ఏళ్ల ముందే చెప్పింది. అంతకుముందు విండోస్ ఎక్స్‌పీకి కూడా 2014 ఏప్రిల్ 8 అని తారీఖు వేసి మరీ ఆపారు. అది స్ట్రిప్ వెనక అచ్చేసిన ఎక్స్‌పైరీ లాంటిది, చూసుకుని సర్దుకోవచ్చు. మా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వాళ్లు తారీఖు చెప్పరు. మనకి అవసరం పడిన రోజే వాళ్ల సరుకు ఎక్స్‌పైర్ అవుతుంది. పైగా గడువు తీరిన మందైతే స్టాకిస్టు వెనక్కి తీసుకుని క్రెడిట్ నోట్ ఇస్తాడు. గడువు తీరిన వెర్షన్‌ని ఎవడు తీసుకుంటాడు?

కొత్త కంప్యూటరు వచ్చింది. ప్రైమ్ ఎక్కింది. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరుని గుర్తుపట్టనంది. సిరా లేకుండా వేడితో అచ్చేసే థర్మల్ ప్రింటరు కొనమన్నారు, కొన్నాం. చిన్న రోలు, చప్పుడు లేదు, చూడ్డానికి ముచ్చటగానే ఉంది. అయితే మా దగ్గర పోర్టు, స్టీల్ ప్లాంటు రిటైరైనవాళ్లు బిల్లులన్నీ పోగేసి ఒక్కసారి క్లెయిమ్ పెట్టుకుంటారు. ఆమధ్య ఒకాయన చొక్కా జేబులోంచి కాగితం తీసి బల్ల మీద పెట్టారు. అటు తిప్పాను, ఇటు తిప్పాను, ట్యూబ్‌లైటుకి ఎత్తి చూశాను. అడుగున షాపు పేరులో సగం అక్షరాలు, మిగతాదంతా తెలుపు. ఎండకి మాసిపోయింది. "ఏం కొన్నానో నాకు గుర్తుంది, ఆఫీసు వాళ్లకి ఎలా చూపించనండీ?" అన్నారాయన. డూప్లికేటు తీసిచ్చాను. అది కూడా థర్మలే.

హెచ్1 రిజిస్టరు సంగతి మర్చిపోయాను. అది ఇప్పుడు 'కంప్లయన్స్ ప్యాక్'లో ఉంది. అవును, అదే రిజిస్టరు, అవే గళ్లు. పాతదాంట్లో ఉన్నది తీసి, రంగు మార్చి, మనకే మళ్లీ అమ్మారు. కొత్తగా ఏమిచ్చారంటే, పొద్దున్నే లాగిన్ కాగానే "గుడ్ మార్నింగ్" అని బెలూన్లు ఎగురుతాయి.

ఆ లాగిన్‌కి నెట్ ఉండాలి. అక్టోబరు 28, మొంథా తుపాను రోజు, కుండపోత. నెట్ పోయింది. తెర మీద చక్రం తిరుగుతోంది, లైసెన్సు సరిచూస్తున్నామంటూ. వార్డులో మనవణ్ని పెట్టుకుని పలాస నుంచి వచ్చిన ముసలమ్మ తడిసిన చీటీ పట్టుకుని నిలబడింది. కాసేపు తెరనీ నన్నూ మార్చి మార్చి చూసి, "ఏటి నాయినా, మందులు ఆ టీవీ ఇత్తాదేటి? నువ్వు ఇయ్యవేటి?" అంది. బిల్లు పుస్తకం దులిపి చేత్తో రాసిచ్చాను.

ఇంత జరిగినా ఎందుకు వదిలెయ్యరని అడుగుతారు. డేటా అండీ. జీఎస్టీ చట్టం ప్రకారం ఖాతాలు, రికార్డులు వార్షిక రిటర్న్ గడువు నుంచి 72 నెలలు ఉంచాలి. ఆ బిల్లులన్నీ వాళ్ల ఫార్మాట్‌లో ఉన్నాయి. ఎక్సెల్‌లో ఇమ్మంటే అది ప్రైమ్ కన్నా పై మెట్టు ప్లాన్‌లో ఉందన్నారు. అంటే వెళ్లిపోవాలన్నా ముందు అప్‌గ్రేడ్ అవ్వాలి. మా సందు చివర పెళ్లికార్డుల డీటీపీ ఆయన ఒకరున్నారు. 2001లో వచ్చిన పేజ్‌మేకర్ 7 అనే పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ మీదే ఇప్పటికీ తెలుగు కార్డులు కొడతారు. అప్‌గ్రేడ్ అని ఎవరైనా ఫోన్ చేస్తే, "ముహూర్తం బాలేదండీ" అని పెట్టేస్తారు. నాకు డ్రగ్ ఇన్‌స్పెక్టరు ఉన్నారు, ఆయనకి లేరు, అదే తేడా.

ప్రస్తుతం మా ఏర్పాటు ఇది. కౌంటర్ మీద ప్రైమ్. లోపల గదిలో పాత కంప్యూటరు, పాత వెర్షన్, డాంగిల్, నెట్ తీగ పీకేసి ఉంది. పాత బిల్లు కావాలంటే అందులోంచే. స్టాకు లెక్క నమ్మాలన్నా నేను దాన్నే నమ్ముతాను.

పాత వెర్షన్‌కి అయిదుకి నాలుగున్నర నక్షత్రాలు. ప్రైమ్‌కి ఒకటి, అది కూడా బల్క్ రేటు బటను నిజంగానే పనిచేసింది కాబట్టి. కొత్తగా షాపు పెట్టేవాళ్లు ఏ కంపెనీది కొన్నా, డెమోకి వచ్చిన కుర్రాడికి టీ ఇచ్చి, అతను తాగేలోపు నెట్ తీగ పీకి ఒక బిల్లు కొట్టమనండి. తర్వాత ఆ బిల్లుని ఎక్సెల్‌లో మీ పెన్‌డ్రైవ్‌లోకి ఇమ్మనండి. ఈ రెండూ చేస్తేనే రేటు మాట్లాడండి.